ఒక ఫోల్డరుకు ఒకే దారి: విండోస్, మ్యాక్, లినక్స్ కలిసి వాడుకునే నిల్వ

అందరికీ నమస్కారం.

మీలో కొందరు చిన్న ఆఫీసులు నడుపుతున్నవాళ్లు. ఇంకొందరు "కంప్యూటర్ల సంగతి నువ్వు చూసుకో" అని పెద్దవాళ్లు అప్పజెప్పినవాళ్లు. ఒక ప్రచురణ సంస్థనే తీసుకుందాం. డీటీపీ గదిలో విండోస్ యంత్రాలుంటాయి. ముఖచిత్రాలు వేసే ఆర్టిస్టుకి మ్యాక్ మీదే చెయ్యి తిరిగింది. వెబ్‌సైటు చూసే అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు. ముగ్గురూ పనిచేసేది ఒకే పుస్తకం మీద. ఆ ఫైళ్లు పెన్‌డ్రైవుల్లో చేతులు మారుతుంటాయి. ఏది తాజా ప్రతో తెలియక దిద్దుబాట్లు లేని పాత ప్రతి అచ్చుకి వెళ్లిపోతుంది.

అప్పుడు ఒక నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ వాడుకునే నిల్వ పెట్టె) కొంటారు, లేదా పాత కంప్యూటర్లో లినక్స్ ఎక్కించి సర్వర్ చేస్తారు. మొదట్లో బాగానే ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటిగా ఫిర్యాదులు మొదలవుతాయి. "నేను దాచిన ఫైలు వాళ్లకి తెరుచుకోవట్లేదట." "చదవనిస్తోంది గానీ సేవ్ చేయనివ్వట్లేదు." "ఒకే పేరుతో రెండు ఫైళ్లున్నాయి, ఏది తియ్యాలి?" వెంటనే కేబుల్ మారుస్తాం, స్విచ్ మారుస్తాం. కానీ వీటికి కేబుల్‌తో గానీ డిస్కుతో గానీ సంబంధం లేదు. ఫైలు పేరు ఎలా ఉండొచ్చు, ఆ ఫైలు ఎవరిది, ఒకరు రాస్తుండగా ఇంకొకరు దాన్ని ముట్టుకోవచ్చా అన్న ప్రశ్నలకి విండోస్ చెప్పే జవాబులు వేరు, యూనిక్స్ సంతతి (లినక్స్, మ్యాక్) చెప్పే జవాబులు వేరు. గొడవంతా అక్కడ పుడుతోంది.

ఈ పూట నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది. నెట్‌వర్క్‌లో పెట్టిన ఒక ఫోల్డరుకు ఒకే ప్రోటోకాల్, అంటే కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి, ఉండాలి. ఎవరి కంప్యూటర్ ఏదైనా సరే, అందరూ ఆ దారినే రావాలి. అలా ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను.

ముందుగా ఎక్కడికి వెళ్లినా ఎదురయ్యే సందేహం ఒకటి తీర్చేస్తాను. "సర్వర్ డిస్కు ఈఎక్స్‌టీ4లో ఉంది. విండోస్‌కి అది చదవడం రాదు కదా?" అని అడుగుతారు. ఈఎక్స్‌టీ4 అంటే లినక్స్ డిస్కు మీద ఫైళ్లని అమర్చే పద్ధతి, అంటే ఫైల్ సిస్టమ్. పెన్‌డ్రైవ్ అయితే ఆ భయం నిజమే. అక్కడ డిస్కు నేరుగా మీ కంప్యూటర్ చేతిలోకి వస్తుంది, దాని మీద ఉన్న అమరిక మీ కంప్యూటరే అర్థం చేసుకోవాలి. నెట్‌వర్క్ షేర్‌లో, అంటే నెట్‌వర్క్ మీద పంచిన ఫోల్డరులో, అలా జరగదు. డిస్కుని తాకేది సర్వర్ ఒక్కటే. విండోస్ యంత్రం "ఈ పేరు గల ఫైలు తెరువు, ఇక్కడినుంచి ఇన్ని బైట్లు ఇవ్వు" అని అడుగుతుంది, సర్వర్ తీసి ఇస్తుంది. లోపల ఈఎక్స్‌టీ4 ఉందో, జెడ్‌ఎఫ్‌ఎస్ ఉందో, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉందో అడిగినవాడికి అక్కర్లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. నాస్ పెట్టెల్లో ఐస్కజీ అనే సదుపాయం కూడా ఉంటుంది. అది ఫైళ్లు ఇవ్వదు, డిస్కు ముక్కనే నెట్‌వర్క్ మీద ఇచ్చేస్తుంది. "ఇది వేగంగా ఉంటుందట" అని ఒకే ముక్కని రెండు కంప్యూటర్లకి తగిలిస్తే, రెండూ అది తమ సొంత డిస్కే అనుకుంటాయి. ఒకటి రాసింది రెండోదానికి తెలియదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయినా ఈఎక్స్‌టీ4 అయినా కొద్దిసేపట్లోనే డేటా చెడిపోతుంది. అలా పంచుకోవడానికి జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు వేరే ఉన్నాయి. మామూలు ఆఫీసుకి వాటి అవసరం రాదు. ఐస్కజీ జోలికి వెళ్లకండి.

ఇక ఫైళ్లు పంచే ప్రోటోకాల్స్. నేటికీ బతికి బట్టకట్టినవి రెండే: ఎన్‌ఎఫ్‌ఎస్, ఎస్‌ఎంబీ. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో, పూర్తిగా వేరే ఇళ్లలో పుట్టాయి.

ఎన్‌ఎఫ్‌ఎస్‌ని 1980ల నడుమ సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చింది. యూనిక్స్ వర్క్‌స్టేషన్ల కోసం పుట్టింది కాబట్టి యూనిక్స్ నమ్మకాలన్నీ దాని ఒంట్లో ఉన్నాయి. సన్ చేసిన మంచిపని ఏమిటంటే ప్రోటోకాల్‌ని బయటపెట్టింది. 1989లో రెండో వెర్షన్ వివరాలు ఆర్‌ఎఫ్‌సీ (అందరికీ అందుబాటులో ఉండే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 1094గా వచ్చాయి, 1995లో మూడో వెర్షన్ 1813గా. ఎవరైనా చదివి రాసుకోవచ్చు. తొలి ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఏ క్లయింటు (సర్వర్‌ని ఫైళ్లు అడిగే కంప్యూటర్) ఏ ఫైలు తెరిచిందో సర్వర్ గుర్తుపెట్టుకోదు. సర్వర్ పడిపోయి లేచినా క్లయింటు అడిగిందే మళ్లీ అడిగి పని సాగిస్తుంది. ఆ రోజుల నెట్‌వర్క్‌లకి అది చాలా తెలివైన ఏర్పాటు.

ఎస్‌ఎంబీ మూలం ఐబీఎంలో ఉంది. 1983 ప్రాంతంలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజినీరు విండోస్‌కి ముందు తరమైన డాస్ యంత్రాల కోసం రూపొందించాడు. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని చేపట్టి పెంచింది. దీని స్వభావం ఎన్‌ఎఫ్‌ఎస్‌కి సరిగ్గా ఎదురు. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ ఫైలు తెరిచారు, దేనికి తాళం వేశారు అన్నీ సర్వర్‌కి గుర్తుంటాయి. కానీ మైక్రోసాఫ్ట్ చేసిన మార్పుల వివరాలు చాలాకాలం పూర్తిగా బయటికి రాలేదు.

అలాంటి పరిస్థితిలో 1991 చివర్లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిడ్జెల్‌కి ఒక చిన్న అవసరం వచ్చింది. తన డాస్ కంప్యూటర్ నుంచి యూనిక్స్ సర్వర్ మీది డిస్కు వాడుకోవాలి. ప్రోటోకాల్ పత్రాలు చేతిలో లేవు. నెట్‌వర్క్ మీద పోయే ప్యాకెట్లని పట్టి చూసి, దేనికి ఏం జవాబు వస్తోందో గమనించి, ఆ జవాబులే ఇచ్చే సర్వర్ ప్రోగ్రామ్ రాసేశాడు. 1992 తొలిరోజుల్లో దాన్ని నలుగురికీ ఉచితంగా ఇచ్చాడు. అదే ఈరోజు మనం వాడే సాంబా. మీ నాస్ పెట్టె ఏ కంపెనీదైనా, మూత తీస్తే లోపల చాలావరకు లినక్స్, సాంబా ఉంటాయి. మార్కులూ పేపర్లూ పక్కన పెట్టి ఒక విద్యార్థి తన అవసరం కోసం రాసుకున్న ప్రోగ్రామ్ మీద ఇన్ని ఆఫీసులు నడుస్తున్నాయంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. ఫైళ్లని ఒక యంత్రం నుంచి ఇంకోదానికి కాపీ చేసే ఆర్‌సింక్ కూడా ఆయన పుణ్యమే.

ఆ పత్రాల కథ కోర్టు దాకా వెళ్లింది. 2004లో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, సర్వర్ ప్రోటోకాల్స్ వివరాలు పోటీదారులకి ఇవ్వాలని ఆదేశించింది. 2007 సెప్టెంబరులో కోర్టు ఆ తీర్పుని సమర్థించింది. ఆ ఏడాది డిసెంబరులో సాంబా బృందం తరఫున ఒక లాభాపేక్ష లేని సంస్థ 10,000 యూరోలు ఒక్కసారి కట్టి ఆ పత్రాలు తీసుకుంది. 2012 డిసెంబరులో వచ్చిన సాంబా 4 యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా (ఆఫీసు మొత్తం యూజర్లనీ పాస్‌వర్డ్‌లనీ ఒకచోట చూసుకునే సర్వర్‌గా) కూడా పనిచేయగలిగింది. అంటే ఇప్పుడు ఎస్‌ఎంబీ ఒక్క విండోస్ సొత్తు కాదు. యాపిల్ కూడా తన సొంత ప్రోటోకాల్ ఏఎఫ్‌పీని నెమ్మదిగా వదిలేసింది. 2013లో మావెరిక్స్ అనే మ్యాక్ వెర్షన్ వచ్చేసరికి మ్యాక్‌లో ఎస్‌ఎంబీ2 మొదటి ఎంపిక అయింది. 2020లో వచ్చిన బిగ్ సర్ వెర్షన్ నుంచి మ్యాక్ తన ఫోల్డర్లని ఏఎఫ్‌పీలో పంచడమే మానేసింది.

కాబట్టి మూడు రకాల కంప్యూటర్లున్న ఆఫీసుకి జవాబు స్పష్టం: ఎస్‌ఎంబీ. ఎన్‌ఎఫ్‌ఎస్ చెడ్డదని కాదు. లినక్స్ నుంచి లినక్స్‌కి అదే హాయి. విండోస్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింటు ఉంది, కానీ మనకి పనికిరాదు. అది ఫైలు పేర్లని యూటీఎఫ్‌8లో (యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిలో) తీసుకోదు. జపాన్, చైనా, కొరియా పాత ఎన్‌కోడింగ్‌లకి అందులో చోటుంది గానీ తెలుగుకి లేదు. లినక్స్‌లో తెలుగు పేరుతో దాచిన ఫైలు అక్కడ పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. తెలుగులో పనిచేసేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు.

పేర్ల దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. తెలుగులో ఫైళ్లకి పేర్లు పెట్టేవాళ్లకి ఈ సంగతులు ఎవరూ చెప్పరు.

విండోస్‌లో పేరు పొడవు 255 వరకు ఉండొచ్చు. లినక్స్‌లో కూడా 255. రెండూ ఒకటే అనుకుంటాం. కానీ విండోస్ లెక్కపెట్టేది యూనికోడ్ అక్షరాలని, లినక్స్ లెక్కపెట్టేది బైట్లని. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు కాబట్టి వాళ్లకి తేడా తెలియదు. యూటీఎఫ్‌8లో తెలుగు అక్షరానికి, గుణింతానికి, పొల్లుకి, ఒక్కోదానికి 3 బైట్లు. "లక్ష్మి" అని రాయండి. కంటికి రెండే అక్షరాలు. లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి మొత్తం ఏడు. అంటే 21 బైట్లు. ఈ లెక్కన లినక్స్ సర్వర్ మీద తెలుగు పేరు 85 గుర్తుల దగ్గర ఆగిపోతుంది. వ్యాసం శీర్షిక మొత్తం ఫైలు పేరుగా పెట్టే అలవాటున్న సంపాదకుడు విండోస్‌లో హాయిగా దాచుకుంటాడు, సర్వర్‌కి కాపీ చేయబోతే పేరు మరీ పొడవని తిప్పికొడుతుంది. కొన్ని నాస్ పెట్టెల్లో ఫోల్డరుని ఎన్‌క్రిప్ట్ చేస్తే పరిస్థితి ఇంకా ఇరుకు. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి వాడే చోట పేరుకి 143 బైట్లే ఇస్తుంది. తెలుగులో 47 గుర్తులు. ఫోల్డరు ఎన్‌క్రిప్షన్ పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి. తర్వాత తెలిస్తే వేల ఫైళ్ల పేర్లు మార్చాలి.

రెండోది మ్యాక్ పాత డిస్కుల సంగతి. తెలుగు గుణింతాల్లో ఐత్వానికి ఒక ప్రత్యేకత ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గీత అని రెండు గుర్తులుగా విడదీసి రాయొచ్చు. రెండూ సమానమని యూనికోడ్ చెప్తుంది. మిగతా తెలుగు గుణింతాలకి ఈ చిక్కు లేదు. యాపిల్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లన్నీ విడదీసే దాచుతుంది. ఆ డిస్కు నుంచి ఆర్‌సింక్‌తో లినక్స్ సర్వర్‌కి ఎక్కిస్తే "హైదరాబాద్", "వైద్యం", "పైడితల్లి" లాంటి పేర్లు విడిపోయిన రూపంలోనే వెళ్తాయి. అదే పేరు విండోస్ నుంచి టైపు చేస్తే కలిసిన రూపంలో వెళ్తుంది. లినక్స్‌కి బైట్లు వేరైతే పేర్లు వేరు. ఒకే ఫోల్డరులో "హైదరాబాద్" రెండు కూర్చుంటాయి, చూసేవాడి కంటికి తేడా తెలియదు, వెతికితే ఒకటే దొరుకుతుంది. మందు ఉంది. ఆర్‌సింక్‌లో ఐకాన్వ్ అనే ఆప్షన్‌తో దారిలోనే కలిపేయొచ్చు. ఇప్పటికే ఎక్కించేసిన వాటిని కన్వ్‌ఎంవీ అనే ప్రోగ్రామ్ సరిచేస్తుంది. మ్యాక్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ వాడక తప్పనివాళ్లకి షేర్‌ని మౌంట్ చేసేటప్పుడు (తమ యంత్రానికి తగిలించుకునేటప్పుడు) ఎన్‌ఎఫ్‌సీ అనే ఆప్షన్ ఉంది.

మూడోది కంటికి కనిపించని గుర్తు. పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ మనందరికీ తెలుసు. "సాఫ్ట్‌వేర్" రాయాలంటే అది కావాలి. కొన్ని కీబోర్డులు పదం చివరి పొల్లు తర్వాత కూడా దాన్ని పెట్టేస్తాయి. "ప్రసాద్" అన్న పేరు దానితో ఒకటి, అది లేకుండా ఒకటి, చూడ్డానికి కవలలు. సర్వర్‌కి రెండు వేర్వేరు ఫోల్డర్లు. ఆఫీసులో అందరూ ఒకే కీబోర్డు వాడేలా చూడటం దీనికి సగం వైద్యం.

నాలుగోది విరామ చిహ్నాలు. విండోస్ పేర్లలో : * ? " < > | ఈ గుర్తులూ, రెండు రకాల ఏటవాలు గీతలూ ఉండకూడదు. లినక్స్‌కి ముందుకు వాలిన గీత ఒక్కటే నిషిద్ధం. మన వ్యాసాల శీర్షికల్లో ప్రశ్నార్థకం ఎంత మామూలో మీకు తెలుసు. "నీళ్లు ఎటు పోయాయి?" అని లినక్స్‌లో దాచితే సాంబా దాన్ని విండోస్‌కి ఉన్నదున్నట్టు చూపించలేదు. ఏవో కొన్ని అక్షరాలు, మధ్యలో ఒక తరంగం గుర్తు ఉన్న పొట్టి పేరు చూపిస్తుంది. మ్యాక్ అయితే ఇలాంటి గుర్తుల్ని యూనికోడ్‌లోని ప్రైవేటు ప్రాంతానికి మార్చి పంపుతుంది, అటువైపు డబ్బాలు కనిపిస్తాయి. సాంబాలో ఫ్రూట్, కాటియా అనే మాడ్యూళ్లు ఈ మార్పిడి చూసుకుంటాయి. కానీ నా సలహా, పేర్లలో ప్రశ్నార్థకాలూ కోలన్లూ వాడొద్దని గోడ మీద రాసిపెట్టండి. అది ఏ మాడ్యూల్ కన్నా బాగా పనిచేస్తుంది.

ఇంగ్లిషులో పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్ అక్షరాల) గొడవ తెలుగు పేర్లకి లేదు, అది మన అదృష్టం. కానీ ఫొటో స్టూడియోల వాళ్లకి తప్పదు. కెమెరా నుంచి వచ్చే పేర్లన్నీ ఇంగ్లిషే. విండోస్‌కి పెద్ద అక్షరాల పేరూ చిన్న అక్షరాల పేరూ ఒకటే. లినక్స్‌కి రెండు. విండోస్ ఒక పేరు అడిగినప్పుడు సరిగ్గా ఆ పేరు లేకపోతే, వేరే బడిలో ఉందేమోనని సాంబా ఆ ఫోల్డరు మొత్తం వెతకాలి. కొత్త ఫైలు దాచే ప్రతిసారీ ఆ పేరు "లేదు" అని తేల్చుకోవడానికి ఇదే పని. ఒకే ఫోల్డరులో లక్ష పెళ్లి ఫొటోలుంటే ఎక్కించేకొద్దీ నత్తనడక ఎందుకవుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఫోల్డర్లుగా విడగొట్టడం ఒక మార్గం. ఆ షేర్‌కి మాత్రం పేర్లన్నీ చిన్నబడిలోకి మార్చి, సాంబాలో కేస్ సెన్సిటివ్ అని పెట్టడం ఇంకో మార్గం. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పేర్ల తర్వాత యాజమాన్యం. ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలు పద్ధతిలో మనిషిని అంకెతో గుర్తిస్తుంది. ఆ అంకె చెప్పేది క్లయింటు, సర్వర్ నమ్ముతుంది. ఉబుంటులో మొదటి యూజర్ అంకె 1000. మ్యాక్‌లో మొదటి యూజర్ 501. అంటే రెండు ల్యాప్‌టాప్‌లున్న ఒకే మనిషి సర్వర్ దృష్టిలో ఇద్దరు. తలకిందులుగా, రెండు వేర్వేరు ఉబుంటు యంత్రాల మీది ఇద్దరు మనుషులు సర్వర్‌కి ఒక్కరే, ఇద్దరివీ 1000 కాబట్టి. జీతాల ఫోల్డరు ఇలాంటి చోట పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. మనిషి నిజంగా ఎవరో రుజువు చేసే కెర్బెరాస్ అనే వ్యవస్థ పెడితే ఇది తీరుతుంది, కానీ చిన్న ఆఫీసులో దాన్ని నిలబెట్టి నడిపే మనిషి ఉండడు. ఎస్‌ఎంబీలో మనిషి పేరు, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి రావాలి. సాంబాలో ఒక గుంపు తయారుచేసి, ఆ షేర్‌లో ఎవరు ఏది దాచినా ఆ గుంపుకే చెందేలా ఫోర్స్ గ్రూప్ పెట్టి, గుంపులో అందరికీ రాసే హక్కు వచ్చేలా క్రియేట్ మాస్క్, డైరెక్టరీ మాస్క్ సరిచేస్తే "చదవనిస్తోంది గానీ సేవ్ చేయనివ్వట్లేదు" అనే ఫిర్యాదు చాలావరకు పోతుంది.

పోగా మిగిలేది ఒకటుంది. ఒకే డిస్కు మీద ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకి ఫైలుని మూవ్ చేస్తే, అది తన పాత హక్కులతోనే వస్తుంది. కాపీ చేస్తే కొత్త ఫోల్డరు హక్కులు వస్తాయి. సొంత ఫోల్డరులో రాసుకున్న కథని ఉమ్మడి ఫోల్డరులోకి లాగి పడేసిన రచయిత ఫైలు ఒక్కటే మిగతావాళ్లకి తెరుచుకోదు. కారణం ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, తాళాలు. ఒక ఫోల్డరుకి ఒకే దారి అని నేను పట్టుబట్టేది దీనికోసమే.

విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైలు తెరిచేటప్పుడే "నేను వాడుతున్నంతసేపు ఇంకెవరూ రాయకూడదు" అని చెప్పొచ్చు. వ్యవస్థ దాన్ని కచ్చితంగా పాటిస్తుంది. యూనిక్స్‌లో తాళం ఒక మర్యాద. అడిగి చూసేవాడికే అది ఉన్నట్టు తెలుస్తుంది, అడగకుండా రాసేవాడిని ఎవరూ ఆపరు. సాంబా తన దారిన వచ్చినవాళ్ల మధ్య విండోస్ నియమాన్ని చక్కగా నడుపుతుంది. ఎవరు ఏది తెరిచారో తన పట్టికలో రాసుకుంటుంది. లినక్స్ కెర్నెల్‌లోని (వ్యవస్థ నడిమి భాగంలోని) ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఆ పట్టిక చూడదు. ఒకే గోదాముకి రెండు గేట్లు, రెండు గేట్ల దగ్గరా వేర్వేరు కాపలావాళ్లు, ఎవరి పుస్తకం వాళ్లదే. ఈ గేటులో "లోపల మనిషి ఉన్నాడు" అని రాసింది ఆ గేటువాడికి తెలియదు.

అంతకన్నా లోతైన చిక్కు ఇంకోటుంది. ఒక ఫైలుని తనొక్కతే వాడుతోందని తెలిస్తే ఎస్‌ఎంబీ క్లయింటు సర్వర్ నుంచి ఒక అనుమతి తీసుకుంటుంది. దాన్ని ఆప్‌లాక్ అంటారు, కొత్త వెర్షన్లలో లీజ్. ఆ అనుమతి ఉన్నంతసేపు మార్పుల్ని తన దగ్గరే పెట్టుకుని, తర్వాత పంపొచ్చు. ఇంకెవరైనా ఆ ఫైలు అడిగితే సర్వర్ ముందు ఈ క్లయింటుకి కబురు పెట్టి, మార్పులు తెప్పించుకుని, అప్పుడు రెండోవాడికి ఇస్తుంది. ఎంతో చక్కటి ఏర్పాటు, వేగమంతా దానివల్లే. కానీ రెండోవాడు ఎన్‌ఎఫ్‌ఎస్ దారిన వస్తే ఆ కబురు వెళ్లకపోవచ్చు. విండోస్ యంత్రం దగ్గర ఒక రూపం, డిస్కు మీద ఇంకో రూపం. చివరికి ఎవరు ఆఖర్న సేవ్ చేస్తే వాళ్లది మిగులుతుంది, రెండోవాళ్ల పని ఏ హెచ్చరికా లేకుండా పోతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ వైపు కూడా దాని సొంత ఆలస్యం ఉంది. లినక్స్ క్లయింటు ఫైలు వివరాల్ని మామూలుగా 3 నుంచి 60 సెకన్ల దాకా తన దగ్గర నిలిపి ఉంచుకుంటుంది.

సాంబాలో కెర్నెల్ ఆప్‌లాక్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది కొంత అతుకు వేస్తుంది, వేగం కొంత తగ్గిస్తుంది, విండోస్ తాళాల నియమాలని మాత్రం ఎన్‌ఎఫ్‌ఎస్ వైపుకి చేర్చలేదు. నెట్‌యాప్ లాంటి కంపెనీల ఖరీదైన పెట్టెల్లో రెండు ప్రోటోకాల్స్‌కీ ఒకే తాళాల పట్టిక ఉంటుంది, వాళ్లకి ఈ బాధ తక్కువ. మన బడ్జెట్‌లో దొరికే పెట్టెలో ఎన్‌ఎఫ్‌ఎస్ పక్కన టిక్కు, ఎస్‌ఎంబీ పక్కన టిక్కు రెండూ ఉంటాయి. రెండూ పెట్టడం సులువు కాబట్టి పెట్టేస్తాం. దయచేసి ఒకే ఫోల్డరుకి రెండూ పెట్టకండి. లినక్స్ ల్యాప్‌టాప్ ఉన్న కుర్రాడు కూడా ఎస్‌ఎంబీలోనే రావాలి. లినక్స్‌లో దానికి కెర్నెల్‌లోనే క్లయింటు ఉంది, బాగా పనిచేస్తుంది. మౌంట్ చేసేటప్పుడు తన అంకె చెప్పుకుంటే చాలు. లినక్స్ సర్వర్ల బ్యాకప్‌కి ఎన్‌ఎఫ్‌ఎస్ కావాలంటే దానికి వేరే ఫోల్డరు తీయండి, అందులో విండోస్‌వాళ్లు అడుగుపెట్టకుండా చూడండి.

భద్రత గురించి కొంచెం. ఎస్‌ఎంబీ తొలి వెర్షన్‌ని ఎక్కడ కనిపించినా ఆపేయండి. 2017 మేలో వన్నాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ వెర్షన్‌లోని లోపం ద్వారానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని అప్పుడు పత్రికల్లో చదివాం. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఆ వెర్షన్ మామూలుగా ఇన్‌స్టాల్ కావడం లేదు.

దాని పర్యవసానం ఒకటి చాలామందిని తికమక పెడుతోంది. నెట్‌వర్క్ ఫోల్డరు తెరిస్తే కంప్యూటర్ల జాబితా వచ్చే పాత పద్ధతి కూడా ఆ వెర్షన్‌తోపాటే పోయింది. ఇప్పుడు విండోస్ వేరే పద్ధతిలో వెతుకుతోంది, ఒక్క సాంబా వల్ల దానికి జవాబు రాదు. డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రామ్ సర్వర్‌లో ఉండాలి. మ్యాక్‌కి కనిపించాలంటే అవాహీ అనే ప్రోగ్రామ్ ఉండాలి. అవి లేకపోయినా సర్వర్ పనిచేస్తూనే ఉంటుంది. అడ్రసు పట్టీలో రెండు వెనక్కివాలిన గీతలు, సర్వర్ ఐపీ అంకెలు, అలాంటిదే ఇంకో గీత, షేర్ పేరు టైపు చేయండి, తెరుచుకుంటుంది. "కనిపించట్లేదు" అంటే "లేదు" అని అర్థం చేసుకుని పాత వెర్షన్‌ని మళ్లీ ఆన్ చేసేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. అలాగే 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 మార్పుతో ప్రతి సంభాషణకీ డిజిటల్ సంతకం ఉండాలని విండోస్ అడుగుతోంది. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లలో సంతకం కుదరదు. నిన్నటిదాకా పనిచేసిన గెస్ట్ ఫోల్డరు అప్‌డేట్ తర్వాత తెరుచుకోకపోతే విండోస్ రక్షణని తగ్గించకండి, మనుషులకి పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఇవ్వండి.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. ప్రశ్నలుంటే అడగండి.

[సభలోంచి ఒక ప్రశ్న: "సర్, మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. ఇక్కడి ఆఫీసు సర్వర్ మీది ఫైళ్లు అక్కడినుంచి కూడా దిద్దాలి. రౌటర్‌లో పోర్టు తెరిస్తే సరిపోతుందా?"]

లేదమ్మా, ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టుని ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవొద్దు. తెరిచిన కాసేపటికే పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు తలుపు తడతాయి. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద వేసుకునే సొంత రహస్య దారి) పెట్టుకుని, దాని లోపలినుంచి రమ్మనండి. అది భద్రతకి సరిపోతుంది. వేగానికి సరిపోదు. ఇక్కడినుంచి డాలస్‌కి ఒక కబురు వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లకి పైనే పడుతుంది. ఎస్‌ఎంబీ ఒక ఫైలు తెరవడానికే చాలాసార్లు అటూఇటూ మాట్లాడుతుంది. వంద ఫైళ్లున్న ఫోల్డరు తెరిచి కూర్చుంటే విసుగొస్తుంది. మీ ఇంటర్నెట్ ప్లాన్ పెంచినా ఆ దూరం తగ్గదు.

ఆయనకి కావలసిన ఫోల్డరు ఒక్కటీ సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్‌తో రెండు చోట్లా ఉంచండి. ఆయన అక్కడ సొంత డిస్కు మీదే పనిచేస్తారు, మార్పులు వెనకాల ప్రయాణిస్తాయి. ఒక్క జాగ్రత్త. ఇందులో తాళాలుండవు. మీరిద్దరూ ఒకే ఫైలు ఒకేసారి దిద్దితే సింక్‌థింగ్ ఒకదాన్ని కాన్‌ఫ్లిక్ట్ అనే పేరుతో పక్కన పెడుతుంది, రెండింటినీ కలపడం మీ పనే అవుతుంది. మన పగలు వాళ్ల రాత్రి కాబట్టి ఫైళ్లని పూటల వారీగా పంచుకోండి. సాయంత్రం మీరు ముగించి, సింక్ పూర్తయిందని చూసుకుని, అప్పుడు ఆయనకి మెసేజ్ పెట్టండి.